కుంగుబాటులో ఉన్న విద్యార్థికి ఆసరాగా నిలవడం ఎలా

అనంతపురంలో నేను హాస్టల్ బాధ్యతలు చూసిన రోజుల్లో, ఒంట్లో బాగాలేని పిల్లల పేర్లు రాసుకునే రిజిస్టరు ఒకటి ఉండేది. ఒక విద్యాసంవత్సరం చివర దాన్ని తిరగేస్తుంటే ఒకే అబ్బాయి పేరు నాలుగు నెలల్లో పదకొండుసార్లు కనిపించింది. ఎదురుగా రాసిన కారణం ప్రతిసారీ తలనొప్పి, లేదంటే కడుపునొప్పి. పదకొండుసార్లూ ఒక మాత్ర ఇచ్చి తరగతికి పంపించాము. ఆ అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం మధ్యలో పెట్టె సర్దుకొని ఊరికి వెళ్లిపోయిన తరువాత గాని, ఆ నొప్పుల వెనుక వేరే బాధ ఉండి ఉంటుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

అప్పటినుంచి నేను చదివినవి, వైద్యులను అడిగి తెలుసుకున్నవి, పిల్లల దగ్గర తప్పులు చేసి నేర్చుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. అధ్యాపకులు, వార్డెన్లు, తల్లిదండ్రులు, ఒకే గదిలో ఉండే స్నేహితులు దీన్ని దృష్టిలో పెట్టుకోవచ్చు. మనం ఎవరమూ వైద్యం చేయనక్కరలేదు. ఆ బిడ్డను సకాలంలో వైద్యుడి దగ్గరకు చేర్చడం, చికిత్స సాగినన్ని నెలలూ పక్కన ఉండడం, చదువు చేజారకుండా చూడడం మన పని. ఈ మూడింటికీ ఒక క్రమం ఉంది. మన కళాశాలల్లో సాధారణంగా ఆ క్రమాన్ని తలకిందులు చేసి, ముందుగా మార్కుల సంగతి ఎత్తుతాము.

గుర్తుపట్టడం

మన సీమలో 'నాకు కుంగుబాటు ఉంది' అంటూ ఏ విద్యార్థీ రాడు. 'బేజారుగా ఉంది సార్', 'యాష్టగా ఉంది', 'తల దిమ్ముగా ఉంది', 'పుస్తకం పట్టుకోబుద్ధి కావడం లేదు' అంటారు. ఆడపిల్లలు చాలాసార్లు నీరసమని మాత్రమే చెబుతారు. పదిహేను నుంచి ఇరవై ఏళ్ల వయసులో దిగులు కంటే చిరాకు, కోపమే ముందుగా బయటపడవచ్చు కాబట్టి, నిన్నటిదాకా మెత్తగా ఉన్న పిల్లవాడు చిన్న మాటకే ఎదురుతిరుగుతుంటే దాన్ని పొగరు కింద జమకట్టే ముందు కొంచెం ఆగడం మంచిది. మెస్సులో సంగటి ముద్ద సగం కూడా తినకుండా లేవడం, స్నానం మానేయడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం లేదా రోజంతా పడుకునే ఉండడం, ఇష్టంగా ఆడే వాలీబాల్ వైపు చూడకపోవడం, ఇంటికి ఫోన్ చేయడం తగ్గించడం, 'నేను ఎందుకూ పనికిరాను' అనే మాట పదే పదే రావడం గమనించవలసిన గుర్తులు.

పరీక్ష తప్పిన పిల్లవాడు నాలుగు రోజులు అన్నం సరిగా తినకపోతే అది జబ్బు కాదు. వైద్యులు చూసే గడువు రెండు వారాలు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండడం గాని, ఇదివరకు ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం గాని తప్పనిసరిగా ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత, కదలికల్లో మార్పులు, తనను తాను నిందించుకోవడం, చావు గురించిన ఆలోచనలు వంటివి కలిసి మొత్తం ఐదు లక్షణాలైనా రెండు వారాలపాటు ఉండి, చదువుకూ రోజువారీ పనులకూ అడ్డుపడుతుంటే దాన్ని కుంగుబాటు వ్యాధిగా పరిగణిస్తారు. ఈ లక్షణాల మీద తయారైన పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులోనూ దొరుకుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు గుర్తులుంటాయి. మొత్తం 27లో 10 గాని అంతకుమించి గాని వస్తే వైద్యుణ్ణి కలవడం అవసరం. చివరిదైన తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి అడుగుతుంది. దానికి సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతైందో లెక్కపెట్టకుండా ఆ రోజే మాట్లాడాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఈ పట్టికను స్లిప్ టెస్టులాగా తరగతి మొత్తానికి పంచిపెట్టి, ఎవరికెంత వచ్చిందో అందరి ముందూ చదవకూడదు. అలా చేసినవాళ్లను నేను చూశాను.

రక్తహీనత, థైరాయిడ్ లోపం, బీ12 విటమిన్ లోపం కూడా ఇలాంటి నీరసాన్నే కలిగిస్తాయి. అందువల్ల వైద్యుడు రక్తపరీక్ష రాస్తే, మనసు బాగాలేదంటే రక్తం ఎందుకు తీస్తున్నారని అనుమానపడవద్దు.

మన జిల్లాల్లో ఇంకొక సంగతి కనుక్కోవాలి: ఇంట్లో ఎవరున్నారు? కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళతాయి. అనంతపురం పల్లెల్లో చెనిక్కాయ పంట పోయిన ఏడు అమ్మానాయన బెంగళూరులో కూలికి చేరతారు. కడప వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి, బిడ్డ జేజి దగ్గర పెరిగిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి బిడ్డ ఆదివారం ఫోన్‌లో 'బాగుండాను మా' అని మాత్రమే చెబుతుంది, ఎందుకంటే అంత దూరాన ఉన్న తల్లిని బాధపెట్టకూడదని దానికి తెలుసు. ఇంట్లో కనిపెట్టే మనిషి లేనప్పుడు, హాస్టల్లో రోజూ కనిపించే వార్డెనో వంటమనిషో గది స్నేహితురాలో ఆ చూపు చూడవలసి వస్తుంది.

మొదటి మాట

అన్నిటికంటే కష్టమైనది ఇదే. కష్టం ఎందుకంటే మనకు మాట్లాడడం బాగా వచ్చు, వినడం రాదు. అధ్యాపకులకు మరీ రాదు.

స్టాఫ్ రూములోకి పిలిపించవద్దు. పిలిపించగానే తప్పు చేశాననే భయం మొదలవుతుంది, పక్క బల్లమీద కూర్చున్న సార్లందరూ వింటుంటారు. సాయంత్రం మైదానం చుట్టూ నడుస్తూనో, టీ అంగడి వరకు తోడు రమ్మనో, మెట్లమీద పక్కపక్కన కూర్చునో మాట్లాడితే, ఎదురెదురుగా కళ్లలోకి చూడవలసిన ఇబ్బంది ఉండదు. ఆడపిల్ల అయితే మేడమ్ మాట్లాడడం, లేదా మరొకరు కనుచూపు మేరలో ఉండి మాట వినపడనంత దూరంలో ఉండడం మేలు. మొదలుపెట్టేటప్పుడు పేరు పెట్టి పిలిచి, కళ్లతో చూసిన విషయం ఒకటి చెప్పాలి: "నాలుగు దినాలుగా నువ్వు రాత్రిపూట మెస్సుకు రావడం లేదని చూస్తున్నాను నాయనా. ఒంట్లో బాగలేదా, మనసు బాగలేదా?" ఈ ప్రశ్నలో నింద లేదు, రెండు దారులు ఉన్నాయి. చాలామంది మొదట ఒంటి దారే ఎంచుకుంటారు. దాన్నే పట్టుకొని తలనొప్పి ఎప్పటినుంచి, నిద్ర ఎట్లా పడుతోంది అని మెల్లగా అడుగుతూ వెళితే రెండోది దానంతట అదే బయటికి వస్తుంది. ఆ రోజు రాకపోతే, "సరే, శనివారం మళ్లీ వస్తాను" అని చెప్పి, శనివారం తప్పకుండా వెళ్లాలి. నమ్మకం కుదిరేది ఆ రెండోసారి వెళ్లినప్పుడే.

మాటలు మొదలైన తరువాత మన పని తగ్గించుకోవడం. మధ్యలో మౌనం వస్తే దాన్ని నింపనక్కరలేదు. అతను చెప్పినదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి సరిగ్గా అర్థమైందా అని అడగడం, 'అట్లా ఉంటే ఎవరికైనా కష్టమే' అని ఒప్పుకోవడం చాలు. పరిష్కారం ఆ సాయంత్రమే దొరకాలని లేదు.

ఇక అనకూడని మాటలు. 'ఇంతమాత్రానికేనా', 'మా కాలంలో కిరోసిన్ బుడ్డీ కింద చదివినాము', 'ధైర్యంగా ఉండు', 'పక్కవాడు చూడు' వంటివి మనకు నోటికి వచ్చి ఉంటాయి. వీటన్నిటికంటే ఎక్కువ గాయం చేసేది మన ప్రాంతంలో ఇంకొకటి ఉంది: "మీ నాయన ఎండలో రెక్కలు ముక్కలు చేసుకొని ఫీజు కడుతున్నాడు, ఆయన ముఖమైనా చూసి చదువు." దీన్ని మంచి మాటగా భావించి నేను చాలా ఏళ్లు వాడాను. ఆరు వందల మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి సంగతి కొడుక్కి మనం చెబితే తెలిసేది కాదు. వాడి మనసులో రాత్రింబవళ్లు తిరుగుతున్నది అదే. తాను ఇంటికి భారమయ్యానన్న తలంపు కుంగుబాటులో ముఖ్యమైన లక్షణం. మనం ఆ మాట అన్నప్పుడు, పెద్దలు కూడా ధ్రువపరిచారని ఆ బిడ్డ అనుకుంటాడు. సుగ్గికి వెళ్లిన కుటుంబం నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి, కోలుకున్న ఏడాది తరువాత, "మీరు ఆ దినం మా నాయన పేరు ఎత్తకుండా ఉంటే నేను ఇంకా కొంచెం చెప్పేవాణ్ణి సార్" అని నాతో అన్నాడు.

చావు ఆలోచన గురించి అడగడం

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరూ భయపడతారు. అది నిజం కాదు. నేరుగా, నింపాదిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని మానసిక వైద్యులు స్పష్టంగా చెబుతారు, పైగా ఎవరికీ చెప్పుకోలేని మాటను ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. తిప్పి తిప్పి 'అలాంటి పిచ్చి పనులేమీ చేయవు కదా' అంటే, లేదని చెప్పించుకోవడానికే అడిగినట్లు ఉంటుంది. "ఇంత బాధలో కొందరికి బతకడం వద్దనిపిస్తుంది. నీకు అట్లా అనిపిస్తోందా?" అని అడగాలి. ఔనంటే, ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా చేసుకోవాలని నిర్ణయించుకున్నాడా, ఈ రోజు భద్రంగా ఉండగలడా అనేవి కనుక్కోవాలి. కేకలు వేయడం, ఒట్టు వేయించుకోవడం, పాపమని చెప్పడం వద్దు.

నిర్ణయం దాకా వచ్చాడని తెలిస్తే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు. ఒకరు పక్కన ఉండగా ఇంకొకరు ఫోన్ చేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలిమానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది దొరకకపోతే 1800-891-4416. ప్రాణాపాయం ఉంటే 108కి చేసి, దగ్గరలోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి చేర్చాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు హాని జరుగుతోందని, ఇంట్లోనో బయటో ఎవరైనా వేధిస్తున్నారని తెలిస్తే పిల్లల సహాయవాణి 1098 ఉంది. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, మందుబిళ్లలు వేరే చోటికి తరలించి తాళం వేయాలని తల్లిదండ్రులకు తప్పక చెప్పాలి. సేద్యగాళ్ల ఇళ్లలో ఇది మరచిపోయే విషయం. చావు ఆలోచన తీవ్రంగా ఉండే ఘడియలు సాధారణంగా కొద్దిసేపే ఉంటాయి, ఆ కొద్దిసేపు చేతికి అందకుండా ఉంటే ప్రాణం నిలుస్తుంది.

'ఎవరికీ చెప్పనని మాట ఇవ్వండి సార్' అని పిల్లలు అడుగుతారు. ఇవ్వవద్దు. "నీ ప్రాణానికి ప్రమాదం లేనంతవరకు నీ మాట నా దగ్గరే ఉంటుంది. ప్రమాదం ఉంటే ఎవరికి చెప్పాలో నీతో మాట్లాడే చెబుతాను" అనడం నిజాయితీ. అదే విధంగా, పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. వారికి సంరక్షణ, చికిత్స అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా ఆ సెక్షనే చెబుతుంది.

వైద్యుడి దగ్గరకు

ఊళ్లో ముందుగా వినిపించే మాట 'గాలి సోకింది' అనేది. తాయెత్తు కట్టిస్తారు, దర్గాకు తీసుకుపోతారు, గురువారం నిద్ర చేయిస్తారు. దాన్ని ఎగతాళి చేస్తే ఆ కుటుంబం మన మాట వినడం మానేస్తుంది. నేను అవ్వలకు చెప్పే మాట ఒకటే: "దర్గాకు పోయి రాండమ్మా, పోయి వచ్చిన మరుసటి దినం ఆసుపత్రికి కూడా పోదాం." చాలామంది ఒప్పుకున్నారు. కట్టివేయడం, కొట్టడం, ఉపవాసాలుంచడం మాత్రం ఎక్కడ జరిగినా అడ్డుకోవాలి.

కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ కడప రిమ్స్‌లోనూ వైద్య కళాశాలలకు అనుబంధంగా మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఉదయం పెందలాడే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి. 'పిచ్చాసుపత్రి' అన్న మాట నోటికి రానీయకుండా, నిద్ర పట్టనందుకు డాక్టరును చూడబోతున్నామని చెబితే పిల్లలూ తల్లిదండ్రులూ తేలికగా బయలుదేరతారు. అది అబద్ధం కూడా కాదు. వెళ్లే ముందు లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, ఏ మందులు వాడుతున్నారు అనే మూడు విషయాలు కాగితంమీద రాసుకుంటే, రద్దీగా ఉన్న ఓపీలో దొరికే పది నిమిషాలు వృథా కావు.

జిల్లా స్థాయిలో ఈ వైద్యం అందడం వెనుక మన పొరుగు చరిత్ర ఒకటి ఉంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైన తరువాత, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని సాధారణ వైద్యులకు శిక్షణ ఇచ్చి మానసిక వైద్యం అందించవచ్చా అని బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ పరీక్షించి చూసింది మన సరిహద్దులోని బళ్లారి జిల్లాలోనే. ఆ నమూనా ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో ప్రారంభమైంది. గుంతకల్లు, ఆలూరు వాళ్లకు బళ్లారి అంటే బట్టలకూ పెళ్లి సామానుకూ వెళ్లే ఊరు. ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు.

ఎవరు ఎవరో తెలిసి ఉండాలి. మానసిక వైద్యుడు అంటే ఎంబీబీఎస్ తరువాత ఆ విభాగంలో ప్రత్యేక చదువు చదివినవాడు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. ఏ అర్హతా లేకుండా బోర్డు పెట్టుకొని జ్ఞాపకశక్తి పెంచుతామనేవారు మూడో రకం, వారి జోలికి పోవద్దు. తేలికపాటి కుంగుబాటుకు మాటల చికిత్స ఒక్కటే సరిపోవచ్చు. వారానికొకసారి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది. తీవ్రత ఎక్కువైతే మందు, మాట రెండూ కావాలి.

మందుల విషయంలో నాలుగు సంగతులు పిల్లలకూ ఇంటివారికీ ముందే చెప్పకపోతే చికిత్స మధ్యలో తెగిపోతుంది. ఫ్లూఆక్సెటీన్ వంటి కుంగుబాటు మందులు వేసుకున్న మరునాడే పనిచేయవు, గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి వంటివి ముందుగా కనిపిస్తాయి, దాంతో మందు పడలేదని ఆపేస్తారు. 25 ఏళ్లలోపు వారిలో కొందరికి మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ మోతాదు మార్చినప్పుడూ ఆందోళన, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి, అప్పుడు దగ్గరగా కనిపెట్టి ఉండి, మార్పు కనిపిస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి. బాగైనట్లు అనిపించాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, వైద్యుడు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తాయి, జబ్బు తిరగబెట్టవచ్చు. ఇవి మత్తుబిళ్లలని, అలవాటవుతాయని ఊళ్లో అంటారు. అలవాటయ్యే ప్రమాదం నిజంగా ఉన్నది ఆల్‌ప్రజోలమ్ వంటి నిద్ర, ఆందోళన బిళ్లలతో. వాటిని చీటీ లేకుండా మందుల అంగట్లో కొనుక్కొని వాడడం ఈ ప్రాంతంలో నేను చూసిన పెద్ద పొరపాటు.

ఆసుపత్రి దూరమైతే, వెంటనే వెళ్లే వీలు లేకపోతే, 14416తో మొదలుపెట్టవచ్చు. 2022 అక్టోబర్ 10న ఈ సేవ ప్రారంభమైంది. ముందుగా శిక్షణ పొందిన కౌన్సెలరు మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. విద్యార్థికి ఒంటరిగా ఫోన్ చేయడానికి బెరుకుగా ఉంటే, మన ఫోన్ నుంచి మనమే కలిపి, వాళ్లు ఎత్తాక చేతికిచ్చి పక్కకు జరగడం మంచి పద్ధతి.

ఇంటివారితో

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చికిత్సలో చట్టప్రకారం తల్లిదండ్రులకే ప్రతినిధి బాధ్యత ఉంటుంది. కాబట్టి ఇంటర్ పిల్లల విషయంలో ఇంటికి చెప్పక తప్పదు. చెప్పే ముందు ఆ బిడ్డను అడగండి: ఇంట్లో ఎవరితో మొదట మాట్లాడాలి? అమ్మతోనా, మేనమామతోనా, పెద్దక్కతోనా? తండ్రికి ఫోన్‌లో 'మీ వాడికి డిప్రెషన్' అని చెబితే ఆయనకు వినిపించేది వేరు. 'మీ వాడు నెల రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు, తినడం లేదు, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం, నేనూ వస్తాను' అంటే బస్సెక్కి వస్తారు. పొలం పని వదిలి వచ్చిన మనిషిని వరండాలో గంటసేపు నిలబెట్టవద్దు.

ఆడపిల్ల అయితే వెంటనే వచ్చే భయం పెళ్లి గురించి. రేపు సంబంధం వచ్చినప్పుడు ఈ చీటీలు బయటపడతాయేమోనని తల్లి ఏడుస్తుంది, లేదా చదువు మాన్పించి పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కని, వైద్యులు దానికి కట్టుబడి ఉండాలని అదే 2017 చట్టం చెబుతుందని వివరించాలి. జబ్బుగా ఉన్న పిల్లకు పెళ్లి చేస్తే జబ్బు కూడా అత్తగారింటికి వెళుతుందని నేను నెమ్మదిగానే చెబుతాను, కానీ చెబుతాను.

కళాశాల చేయవలసింది

విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉండగా 2023లో మరణించిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలరునో సైకాలజిస్టునో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలిమానస్ వంటి నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. సిబ్బందికి సంవత్సరానికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కుల ప్రకారం బ్యాచీలుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానుకోవాలి. ర్యాంకుల సెక్షన్లే వ్యాపారమైన చోట ఈ చివరిది అమలు కావడానికి తల్లిదండ్రులే అడగవలసి వస్తుంది. ప్రిన్సిపాలు గారి వద్దకు వెళ్లినప్పుడు ఈ తీర్పు తేదీ చెప్పి, కౌన్సెలరు ఎవరని అడగండి.

హాజరు విషయం ముందే చూసుకోవాలి. ఉదాహరణకు జేఎన్‌టీయూ అనంతపురం నిబంధనల్లో సెమిస్టరుకు మొత్తంమీద 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపినవారికి కళాశాల కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు, 65కు తగ్గితే ఇవ్వరు. ఆసుపత్రి చీటీలు, సెలవు చీటీలు మొదటినుంచీ ఒక కవరులో భద్రపరిస్తే, డిటెండ్ అయ్యాక పరుగులు పెట్టే పని ఉండదు. వైద్య ధ్రువపత్రంలో జబ్బు పేరు తరగతి గుమాస్తా వరకు తెలియనక్కరలేదు, విశ్రాంతి అవసరమని ఉంటే సరిపోతుందేమో వైద్యుణ్ణి అడగండి.

ఇంటర్ ఫలితాల సమయం వేరుగా చెప్పుకోవాలి. 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 12న ఫలితాలు వచ్చాయి, మే నెలలోనే సప్లిమెంటరీ పరీక్షలు మొదలయ్యాయి. తప్పిన సబ్జెక్టు నెలన్నరలోపే మళ్లీ రాయవచ్చునన్న సంగతి ఫలితాల ముందురోజే పిల్లలకూ ఇంటివారికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ ఉదయం ఎవరి చెవికీ ఏమీ ఎక్కదు. అప్పటికే చికిత్సలో ఉన్న పిల్లలు ఆ రోజు ఒంటరిగా ఫోన్‌లో ఫలితం చూసుకోకుండా, ఇంట్లో ఒకరు పనికి పోకుండా ఉండేలా ముందే మాట్లాడుకోవాలి.

గదిలో ఉండే స్నేహితులకు

మీరు చేయగలిగినది చిన్నది, కానీ రోజూ చేయాలి. 'ఏమైనా కావాలంటే చెప్పురా' అంటే కుంగిపోయిన మనిషి ఎప్పటికీ చెప్పడు. 'ఉగ్గాని తెచ్చినా, లేచి తిను', 'సర్కిల్ దాకా పోయొద్దాం పద' అనండి. ఉత్సాహం వచ్చాక లేద్దామని ఎదురుచూస్తే అది రాదు. ముందు చిన్న పని చేస్తే దాని వెనక కొంచెం ఉత్సాహం వస్తుందన్న లెక్కమీదే మాటల చికిత్సలో ఒక పద్ధతి నడుస్తుంది. పది నిమిషాల నడక, ఒక బట్ట ఉతకడం, ఒక పేజీ చదవడం, రోజూ ఒకే వేళకు నిద్ర లేవడం వంటివి దానికి సరిపోతాయి. వద్దన్నప్పుడు బలవంతపెట్టకుండా, మరునాడు మళ్లీ అడగండి. దిగులు పోవడానికని మద్యం తాగించవద్దు. అది నిద్రను, మనసును ఇంకా చెడగొడుతుంది.

అయితే రాత్రంతా కాపలా కాయడం, ఆ రహస్యాన్ని మీరొక్కరే మోయడం మీ పని కాదు. పెద్దవారిలో ఒకరికి చెప్పడం ద్రోహం కాదు. మీ చదువు, మీ నిద్ర దెబ్బతింటుంటే మీరు కూడా 14416కు చేయవచ్చు.

కోలుకోవడం గీత గీసినట్లు సాగదు. రెండు వారాలు బాగుండి, మూడో వారం మళ్లీ మంచం దిగకపోవచ్చు. అది మొదటికి రావడం కాదని ముందే చెప్పి ఉంచితే బిడ్డా ఇంటివారూ బెదరరు. ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి, తనకు మొదట కనిపించిన గుర్తులేమిటో అతని చేతనే రాయించి ఉంచాలి: నిద్ర చెడడమా, ఫోన్ ఎత్తకపోవడమా, తలనొప్పా. ఇంటర్ అయిపోయి వేరే ఊరికి చదువుకు వెళ్లేటప్పుడు అందరూ కొత్త బట్టలు, పెట్టె, సర్టిఫికెట్లు సర్దుతారు. ఆ సర్టిఫికెట్ల కవరులోనే ఓపీ చీటీలు, వాడుతున్న మందుల పేర్లు, నెలకు సరిపడా మందులు, తరువాత చూపించుకోవలసిన తేదీ కూడా ఉండాలి. ఆ ఊళ్లో ఏ వైద్యుణ్ణి కలవాలో ఇక్కడి వైద్యుడినే అడిగి, చేరకముందే కనుక్కొని పెట్టుకోవాలి.